టోపీ టీచరమ్మ ఇంట్లో చలి

గదికి లోపలినుంచి గడియ పడి ఉంది. అత్తగారు మొదట వేలి కణుపులతో తలుపు కొట్టింది, తర్వాత అరచేత్తో బాదింది, ఇప్పుడు మళ్ళీ కణుపుల దగ్గరికే వచ్చింది. లోపల కోడలుంది. ఆమెతోపాటు పసివాడున్నాడు. పుట్టాల్సిన రోజుకంటే ముందే పుట్టి, మొన్నమొన్నటిదాకా ఆస్పత్రిలో ఉండి, ఈమధ్యనే ఇల్లు చేరిన పిడికెడు పిల్లవాడు.

తలుపు కెదురుగా స్టూలు వేసుకుని వియ్యపురాలు కూర్చుంది. కూతురికి సాయంగా వచ్చిన మనిషి. కుట్టుమిషను మీద బతికిన ఒళ్ళు కాబట్టి నడుం వంగింది గానీ పట్టుదల వంగలేదు. చేతులు కట్టుకుని ఆమె అలా కూర్చుంటే తలుపుకి ఇవతలవైపు కూడా ఇంకో గడియ వేసినట్టుంది.

పిల్ల నిద్రపోతోందేమో, కాసేపు వదిలెయ్యండి వదినా అందావిడ. నిద్రపోతే మంచిదే, మరి వాడి ఏడుపెందుకు వినపడటం లేదని అత్తగారు అడిగింది.

"ఏడిస్తే ఎందుకేడుస్తున్నాడంటారు. ఏడవకపోతే ఎందుకేడవట్లేదంటారు. మీ చేతిలో పడ్డవాళ్ళకి సుఖం లేదు వదినా."

అత్తగారు మళ్ళీ తలుపు కొట్టింది. మామూలు రోజైతే జవాబు చెప్పి ఉండేదే. మాటకు మాట బాకీ ఉంచుకునే మనిషి కాదు ఆమె.

ముసురు పట్టి వదలడం లేదు. మేడమీద వాటా కావడంతో గాలి నేరుగా వచ్చి కిటికీ రెక్కల్ని తోస్తోంది. వరండాలో తాడుమీద వేసిన పసివాడి గుడ్డలు ఒక్కటీ ఆరలేదు. నేలమీద కాలు పెడితే జివ్వుమంటోంది. పొద్దున ఒకసారి పాలిస్తున్నానని చెప్పి తలుపు మూసుకున్న కోడలు, ఎండ రావలసిన వేళ దాటిపోయినా తియ్యలేదు.

ఈ అత్తగారి పేరు అడిగితే ఆస్పత్రిలో సగంమందికి తెలియదు. టోపీ టీచరమ్మ అంటే మాత్రం గేటు దగ్గరి వాచ్‌మన్ కూడా చెయ్యెత్తి వార్డు చూపిస్తాడు. తొలికాన్పు తల్లులకు పసిబిడ్డని వెచ్చగా ఉంచడం ఎలాగో నేర్పే నర్సు ఆవిడ. తలకి టోపీ లేకుండా ఏ బిడ్డనూ గడప దాటనివ్వదు. ఇంతమందికి టోపీ పెట్టి కూడా మర్యాదగా బతుకుతున్నది నేనొక్కదాన్నే అని తనమీద తనే నవ్వేది. ఆ నవ్వు చూసి భయం పోయిన తల్లులు ఎందరో ఉన్నారు. వాళ్ళ పిల్లలు ఇవాళ వీధుల్లో పరిగెత్తుతున్నారు.

అందుకే ఈ తలుపు ముందు నిలబడటం ఆమెకి తలకొట్టేసినట్టుంది. ఊరందరి పిల్లల ఒళ్ళూ తడిమి చూసిన చెయ్యి, సొంత మనవడి మీద వెయ్యడానికి లేకుండా పోయింది.

"తప్పు చేస్తే దండించు, కాదనను," అందామె తలుపుతో. "కానీ తలుపు తియ్యి. వాణ్ణొక్కసారి చూడనీ."

లోపల మంచం కిర్రుమంది. అంతే.

"నిన్న చూసింది చాల్లేదా వదినా?" అని అడిగింది వియ్యపురాలు.

నిన్నటి మాట ఈ ఇంట్లో నిన్నటినుంచీ ఎవరూ ఎత్తలేదు. ఇప్పుడు ఎత్తాక మాత్రం ఆగలేదు.

వారానికోసారి ఆస్పత్రి హాల్లో తొలికాన్పు తల్లులకి తరగతి ఉంటుంది. నిన్న ఆ రోజే పిల్లవాణ్ణి డాక్టరుకి చూపించాల్సి వచ్చింది. చూపించాక తరగతి అయ్యేదాకా ఒక మూల కూర్చోమని కోడలికి చెప్పింది అత్తగారు. కోడలు కూర్చుంది. ఎప్పుడూ తరగతిలో ఇసుక నింపిన గుడ్డబొమ్మని పెట్టి చూపించేవారు. బొమ్మ బీరువాలోనే ఉంది. కానీ ఆ పూట తల్లులు ఆవలిస్తున్నారు, ఒకామె ఫోను చూసుకుంటోంది. అసలు బిడ్డని చూపిస్తే ఒంటబడుతుందనుకుంది టీచరమ్మ. కోడలి దగ్గరికెళ్ళి, ఒకసారి ఇటివ్వమ్మా, చూపించి ఇచ్చేస్తాను అంది. అంటూనే ఒళ్ళోంచి తీసేసుకుంది.

బల్లమీద పడుకోబెట్టి ఒక్కో పొరా విప్పింది. పైన ఉన్ని శాలువా, దానికింద దుప్పటి, దానికింద ఇంకో గుడ్డ, అన్నిటికీ అడుగున తడిసిన లంగోటీ. టోపీ సంచిలో ఉంది.

"చూశారా? మూడు పొరలు చుట్టి, లోపల తడి వదిలేసి, తల బోడిగా పెట్టారు. ఇదెవరు కట్టారో తెలుసా? సాక్షాత్తూ నా కోడలు. దీపం కిందే చీకటి."

హాలంతా నవ్వింది. చెడ్డగా కాదు, తమకీ అలాంటి అత్తలుండటం వల్ల నవ్వారు. కోడలు మూలన లేచి నిలబడి ఉంది. టీచరమ్మకి ఊపు వచ్చింది. తడి ఎందుకు చలి, తల ఎందుకు ముఖ్యం, పసివాడి ఒంట్లో వేడి ఎంత తొందరగా జారిపోతుందో అంతా చెప్పింది. చెప్పినంతసేపూ పిల్లవాడు బల్లమీదే ఉన్నాడు.

ఇంటికి వచ్చే దారిలో కోడలు ఒక్క మాట మాట్లాడలేదు. పెళ్ళికి ముందూ తర్వాతా ఆ పిల్ల చేసిన ఉద్యోగం ఫోన్లో ఎవరెవరి తిట్లో వినడం. సామాను చెడిపోయిందని జనం నోటికొచ్చినట్టు తిడుతుంటే, తప్పకుండా సార్, అర్థమైంది మేడం అనడం. అలాంటి పిల్ల నోరు జారదు. నోరు జారని మనిషి కోపం ఎక్కడికి పోతుందో ఎవరూ ఆలోచించలేదు.

"మా అమ్మాయిని నలుగురిలో బొమ్మని చేశారు," అంది వియ్యపురాలు. "నేను చదువుకోలేదు వదినా. మీరు చెప్పేదంతా నిజమే అయ్యుంటుంది. కానీ నిజం చెప్పడానికి నా కూతురే దొరికిందా?"

"దానికి చెడు జరగాలని చేశానా నేను?"

"మంచి జరగాలనే చేశారు. అందుకేగా దానికి తిరిగి తిట్టడానికి కూడా లేకుండా పోయింది."

అత్తగారు తలుపు చెక్కకి చెవి ఆనించింది.

అప్పుడు కొడుకు వచ్చాడు. అతను లిఫ్టులు బాగుచేసే మెకానిక్. తల్లి ఫోను చేస్తే ఎక్కడో సగం విప్పిన లిఫ్టు వదిలేసి, పనిముట్ల సంచితోనే మెట్లెక్కాడు. తలుపు మీద చెయ్యివేసి భార్యతో నెమ్మదిగా మాట్లాడి చూశాడు. సంచి కిందపెట్టి మోకాళ్ళమీద కూర్చుని సందులోంచి చూశాడు. ఇరుక్కుపోయిన లిఫ్టుల్లోంచి ఎంతమందినో బయటికి తీసిన వాడు, ఈ తలుపు దగ్గర తల అడ్డంగా ఊపుతూ లేచాడు.

బందులన్నీ లోపలివైపున్నాయి, గడియా లోపలే, విరగ్గొట్టడం తప్ప దారిలేదు అన్నాడు. విరగ్గొట్టడమూ కుదరదు. మంచం తలుపుని ఆనుకునే ఉంది. చలిగాలి తగలకుండా కిటికీకి దూరంగా జరపమని చెప్పింది అమ్మే. చెక్క లోపలికి పడితే వాళ్ళమీదే పడుతుంది.

అత్తగారు మళ్ళీ తలుపు దగ్గరికి వచ్చింది. ఈసారి తరగతిలో మాట్లాడే గొంతు తెచ్చుకుంది. ముందు లంగోటీ తడిగా ఉందేమో చూడు, టోపీ పెట్టు, కిటికీ బిగించు అని ఒకదాని తర్వాత ఒకటి చెప్పుకుంటూ పోయింది. గోడకి చెప్పుకున్నా ఇంతకంటే ఎక్కువ పలికేది.

"వదినా," అంది వియ్యపురాలు. స్టూలు మీంచి లేచి వచ్చి పక్కన నిలబడింది. ఇప్పుడామె మొహంలోనూ పంతం సడలింది. లోపలి నిశ్శబ్దం ఆమెనీ భయపెడుతోంది. "మీరు చెప్తారు. ఎప్పుడూ అడగరు. ఒకసారి అడిగి చూడండి."

అడగడం. ఇన్నేళ్ళ ఉద్యోగంలో టీచరమ్మ తల్లుల్ని అడిగిన ప్రశ్నలన్నిటికీ జవాబు ఆమెకి ముందే తెలుసు. అర్థమైందా అని అడిగితే అయిందనాలి. తెలియక అడగడం ఆమెకి అలవాటు లేదు. ఆమె తలుపు పక్కన నేలమీద కూర్చుంది. చలినేల.

"అమ్మాయీ," అంది చివరికి. "వాడు పొద్దున పాలు తాగాడా?"

వాన చూరు మీంచి కారుతున్న చప్పుడు. తర్వాత తలుపుకి బాగా దగ్గరగా, కింద, కోడలి గొంతు వినపడింది. ఆమె కూడా అవతలవైపు మంచం చివర్న తలుపుకి ఆనుకునే ఉందని అప్పుడు తెలిసింది.

"కొంచెం. చప్పరించి వదిలేశాడు."

"తర్వాత ఏడ్చాడా?"

"లేదు. పడుకునే ఉన్నాడు."

కొడుకు ఏదో అనబోతే తల్లి చెయ్యెత్తి ఆపింది.

"నీ చెయ్యి వెనక్కి తిప్పి, వాడి పాదాలకి ఆనించి చూస్తావా? నాకిక్కణ్ణించి తెలియదు. నువ్వే చెప్పాలి."

"చల్లగా ఉన్నాయి."

"పొట్ట?"

తరగతికి వచ్చిన ప్రతి తల్లికీ టీచరమ్మ నేర్పే మొదటి పాఠం ఇదే. పాదాలు చల్లగా ఉండి పొట్ట వెచ్చగా ఉంటే బిడ్డ నీకు కబురు పంపుతున్నాడు. పొట్ట కూడా చల్లబడితే ఇక కబుర్లు లేవు, ఒంటికి హత్తుకుని ఆస్పత్రికి పరుగెత్తు. ఆ పాఠం కోడలికీ తెలుసు. తెలిసే జవాబు చెప్పలేకపోతోంది.

"పొట్టా అంతే," అంది కోడలు. "రెండు దుప్పట్లు కప్పాను. పొద్దుటినుంచీ కప్పే ఉంచాను. అయినా వెచ్చబడట్లేదు."

వియ్యపురాలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కొడుకు తలుపుని భుజంతో ఒక్క తోపు తోశాడు. చెక్క మూలిగింది, గడియ కదల్లేదు.

"తొయ్యకు," అంది తల్లి అతనితో. తర్వాత తలుపుతో, "తలుపు తియ్యమ్మా. మనం ఆస్పత్రికి వెళ్ళాలి."

"తీస్తే మీరు లాక్కుంటారు."

"లాక్కోను."

"నిన్న కూడా చూపించి ఇచ్చేస్తానన్నారు."

అత్తగారు కళ్ళు మూసుకుంది. ఆ పిల్ల గొంతులో కోపం లేదు. కోపమైతే తట్టుకునేది. అది ఒట్టి భయం. ఈ భయాన్ని ఇంతకుముందు వార్డులో చూసింది, కానీ రోగానికి భయపడే తల్లుల కళ్ళలో. తనకి భయపడే తల్లిని ఇప్పుడే చూస్తోంది.

"నేను వాణ్ణి ముట్టుకోను," అందామె. "ఇక్కడ నీ మొగుడున్నాడు, మీ అమ్మ ఉంది. వాళ్ళ ముందు మాటిస్తున్నాను. నువ్వు ఇచ్చేదాకా నా చెయ్యి వాడిమీద పడదు. కానీ ముందు వాణ్ణి వెచ్చబరచాలి, తలుపు సంగతి తర్వాత. నువ్వే వెచ్చబరచాలి. చేస్తావా?"

"ఎలా?"

ఎలా అని ఆ పిల్ల అడగడం ఇదే మొదటిసారి. కాన్పయినప్పటినుంచీ అడగకుండానే చెప్పినవన్నీ ఆమె తలవంచుకుని విన్నది, అంతే.

"దుప్పటికి సొంతంగా వేడుండదమ్మా. ఉన్న వేడిని కాపాడుతుంది, లేనిది ఎక్కణ్ణించి తెస్తుంది? చల్లబడ్డ బిడ్డని చుడితే ఆ చలినే మూటకట్టినట్టు. వాడికిప్పుడు కావాల్సింది నీ ఒళ్ళు."

చెప్పింది. నెమ్మదిగా, ఒక్కో పని అయ్యేదాకా ఆగి చెప్పింది. వాడి గుడ్డలన్నీ తీసెయ్, పొడి గుడ్డతో తడి లేకుండా అద్దు, పొడి లంగోటీ కట్టు, టోపీ చెవులమీదికి లాగు. నీ చొక్కా గుండీలు విప్పి రెండు రొమ్ముల మధ్య వాణ్ణి నిలువుగా, నీ ఒంటికి వాడి ఒళ్ళు తగిలేలా ఆనించుకో. కాళ్ళు కప్పకాళ్ళలా అటూ ఇటూ మడవాలి. మొహం ఒక పక్కకి తిప్పు, ముక్కుకీ నోటికీ ఏదీ అడ్డం రాకూడదు. ఆస్పత్రిలో ఇచ్చిన పొడుగాటి గుడ్డతో ఇద్దర్నీ కలిపి చుట్టి వెనక ముడి వెయ్యి. పైన చొక్కా, దాని పైన శాలువా.

లోపల గుడ్డల చప్పుడు వినిపించింది. బయట టీచరమ్మ చేతులు ఊరుకోలేదు. గాలిలోనే లంగోటీ విప్పాయి, తల మీదికి టోపీ లాగాయి, వీపు చుట్టూ గుడ్డ తిప్పి ముడి వేశాయి. ఆమెకా సంగతి తెలియదు. చూస్తున్న కొడుకు మొహం తిప్పుకుని టాక్సీకి ఫోను చేశాడు.

"ముడి బిగిసిందా?" అని అడిగింది అత్తగారు.

"బిగిసింది." కాసేపాగి, "ఐసుముక్క పెట్టుకున్నట్టుంది అత్తయ్యా," అంది కోడలు. అప్పుడు ఏడ్చింది. నిన్నటినుంచీ ఏడవని ఏడుపంతా ఒక్కసారి వచ్చింది.

ఏడవనిచ్చారు. తర్వాత మంచం జరిగిన చప్పుడు, గడియ తీసిన చప్పుడు వినిపించాయి.

తలుపు సగమే తెరుచుకుంది. కోడలు జుట్టు విరబోసుకుని, శాలువా కప్పుకుని, రెండు చేతులూ గుండెకి అడ్డంపెట్టుకుని నిలబడింది. ఆ చేతులకింద చిన్న గుట్టలాగా పిల్లవాడున్నాడు. టోపీ కింద సగం మొహం కనిపిస్తోంది. కళ్ళు మూసుకుని ఉన్నాడు. పెదవులు పాలిపోయాయి.

అత్తగారు రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని, ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుంది. మాటిచ్చింది కదా. వంగి చూసింది. గుడ్డ ఒక పక్క జారి పిల్లవాడి ముక్కు చొక్కా అంచుకి ఆనుతోంది. రెండు వేళ్ళతో ఇలా లాగేస్తే సరిపోతుంది. ఆమె వేళ్ళకి ఆ పని కళ్ళు మూసుకున్నా తెలుసు.

"గుడ్డ అంచు కొంచెం కిందికి లాగమ్మా. వాడి ముక్కు దగ్గర. ఊఁ, అంతే."

కోడలు లాగింది. పిల్లవాడు చిన్నగా ఊపిరి వదిలాడు. ఆ ఊపిరి చప్పుడు నలుగురూ విన్నారు.

కింద టాక్సీ హారను మోగింది. ఇక నిలబడటానికి లేదు, దారి పొడుగునా అలాగే గుండెలకి పెట్టుకుని ఉండు, ఎవరడిగినా విప్పొద్దు అని చెబుతూ అత్తగారు చెప్పులకోసం చూసింది. వియ్యపురాలు సంచిలో పొడిగుడ్డలు కుక్కుతోంది.

"మీరు రావద్దు," అంది కోడలు.

ఎవరితో అన్నదో మొదట అర్థం కాలేదు. అత్తగారు ఒక చెప్పు తొడుక్కుని అలాగే నిలబడింది.

"ఆస్పత్రికి నేనూ ఆయనా వెళ్తాం. మీరు రావద్దు అత్తయ్యా. అమ్మా, నువ్వూ వద్దు. వీణ్ణి పట్టుకుని నేనొక్కదాన్ని నిలబడగలనో లేదో నన్ను చూసుకోనివ్వండి. మీరిద్దరూ ఉంటే నాకు చేతులాడవు."

కొడుకు తల్లి వైపు చూశాడు. ఆమె నోరు తెరిచింది. ఆ ఆస్పత్రిలో ఏ మంచం ఎక్కడుందో, ఏ గదిలో వేడి దీపం బాగా పనిచేస్తుందో, ఏ డాక్టరుని ముందు లేపాలో ఆమెకంటే ఎక్కువ తెలిసినవాళ్ళు లేరు. ఆమెని అక్కడికి రావద్దన్న మనిషి ఈనాటిదాకా పుట్టలేదు. తెరిచిన నోరు మూసుకుని తల ఊపింది.

వాళ్ళు మెట్లు దిగుతుంటే కోడలి చెయ్యి ఒకటి గోడమీద, ఇంకొకటి పిల్లవాడి మీద ఉంది. కొడుకు వెనకనుంచి శాలువా అంచు పట్టుకుని దిగాడు. టాక్సీ సందు మలుపు తిరిగేదాకా అమ్మమ్మా నానమ్మా ఇద్దరూ వరండాలో వానలో నిలబడ్డారు.

టీచరమ్మ వార్డుకి ఫోను చేసింది. డ్యూటీలో ఉన్న సిస్టరుకి, చల్లబడ్డ పసిబిడ్డ వస్తున్నాడు, గది వెచ్చగా పెట్టండి, డాక్టరుని పిలవండి అని చెప్పింది. మీరూ వస్తున్నారు కదా టీచరమ్మా అని అడిగితే లేదంది. ఎందుకని అవతలామె అడిగింది. ఇంట్లో పనుందని చెప్పి పెట్టేసింది.

ఇంట్లో ఏ పనీ లేదు. గది తలుపు బార్లా తెరిచి ఉంది. మంచం మీద రెండు దుప్పట్లు, విప్పేసిన చిన్న చొక్కా, తడి లంగోటీ. వియ్యపురాలు దుప్పటి ఒకటి తీసి దులిపి మడతపెట్టడం మొదలెట్టింది. ఊరికే కూర్చుంటే ఏడుపొచ్చే మనిషి ఆవిడ. రెండోది సగం మడత పెట్టి ఆగింది.

"వదినా, ఒక మాట. నిన్న రాత్రి భోజనాల దగ్గర వీడు సరిగ్గా తాగట్లేదమ్మా అని అమ్మాయి నాతో అంది. మీరు విన్నారు. నువ్వు పట్టుకోవడం సరిగ్గా లేదు, అందుకే తాగట్లేదన్నారు. గుర్తుందా?"

"గుర్తుంది."

"అప్పుడే ఎందుకు చూడలేదు వాణ్ణి? రోజుకి వందసార్లు పాదాలు తడిమేవారు. నిన్న సాయంత్రం నుంచి ఒక్కసారీ వాడి దగ్గరికి రాలేదు మీరు."

ఆవిడ నింద వెయ్యడం లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డదంటారు, ఆ సామెత ఆవిడ నాలుక చివరిదాకా వచ్చి ఉంటుంది. అనలేదు. అననందుకే టీచరమ్మకి ఇంకా సిగ్గేసింది. ఆమె మంచం మీది చిన్న చొక్కా తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది.

ఫోను మోగింది. కొడుకు నంబరు. ఎత్తితే కోడలి గొంతు, స్పీకరులో పెట్టినట్టు కొంచెం దూరంగా వినపడింది.

పెద్ద వంతెన మీద ఏదో లారీ ఆగిపోయి బండ్లన్నీ నిలిచిపోయాయట. ముందుకీ వెనక్కీ కదలడం లేదట. పిల్లవాడి నోరు రొమ్ముకి ఆనిస్తే తెరవడం లేదట.

"బలవంతం చెయ్యకు. వాడు అలసిపోయాడు," అంది అత్తగారు. ఆమె గొంతు మామూలుగానే ఉంది. వార్డులో ఎన్ని చూసినా నిలబెట్టుకున్న గొంతు అది. "అలాగే హత్తుకుని ఉండు. ఊపిరి తీస్తున్నాడా?"

"తీస్తున్నాడు. చిన్నగా."

"నీ మొగుణ్ణి దిగి ముందు బండ్లవాళ్ళని దారి అడగమను. దారి ఇవ్వకపోతే నువ్వు దిగి నడు. వంతెన దాటితే ఆస్పత్రే. వాన తగలకుండా శాలువా తలమీదినుంచి కప్పుకో. నువ్వు బాగా చేస్తున్నావు."

అవతల హారన్లు. కోడలు ఫోను పెట్టెయ్యలేదు.

"అత్తయ్యా, ఒకటడుగుతాను. నిజం చెప్పండి. నేను గడియ వేసుకున్నందుకేనా ఇలా అయింది?"

వియ్యపురాలు దుప్పటి పట్టుకుని అలాగే చూస్తోంది.

ఇలాంటి ప్రశ్నకి టీచరమ్మ దగ్గర తయారుగా ఒక జవాబుంది. ఎవరి తప్పూ కాదమ్మా, ఇలాంటివి జరుగుతూ ఉంటాయి అని. ఎందరో తల్లుల భుజం మీద చెయ్యి వేసి చెప్పిన మాట. చెప్పిన ప్రతిసారీ దయతోనే చెప్పింది. ఇప్పుడు చెప్పినా ఆ పిల్ల సరేనంటుంది. అని, జన్మంతా నమ్మినట్టు నటిస్తూ, లోపల్లోపల ఆ గడియనే తల్చుకుని ఏడుస్తుంది.

"కాదు," అందామె. "నిన్న బల్లమీద వాణ్ణి విప్పి పెట్టి మాట్లాడుతూ ఉండిపోయాను. తిరిగి చుట్టేటప్పటికే వాడి పాదాలు చల్లబడ్డాయి. నాకు తెలిసింది. అంతమంది ముందు ఆ మాట పైకి అనలేక చుట్టేసి నీ చేతికిచ్చేశాను. రాత్రి పాలు తాగట్లేదని నువ్వన్నప్పుడు కూడా నాకు తెలుసు. వాడి ఒళ్ళు తడిమితే తెలిసిపోతుందని దగ్గరికి రాలేదు. తప్పు నాదమ్మా. నీ గడియది కాదు."

వియ్యపురాలి చేతిలోంచి దుప్పటి మడత విడిపోయింది.

అవతల కోడలి ఊపిరి మాత్రం వినపడుతోంది, ఆ ఊపిరి దగ్గరే ఎక్కడో ఇంకో చిన్న ఊపిరి ఉంటుందని టీచరమ్మ చెవి రిక్కించింది. హారన్ల మోతలో అది వినపడలేదు. కారు తలుపు తెరిచిన చప్పుడైంది. ఎవరో దిగారు. వాన చప్పుడు ఒక్కసారిగా దగ్గరికొచ్చింది.

తర్వాత ఫోనులో వచ్చింది కోడలి గొంతు కాదు.

"నీకు నిన్ననే తెలుసా, అమ్మా?" అన్నాడు కొడుకు.